విశ్వవిద్యాలయంలో విద్యార్థినుల సహాయ సేవల చరిత్రను సేకరించి రాయడం ఎలా

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదవాలని 1930లలో వాల్తేరు వెళ్ళినప్పుడు, అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదన్న కారణంతో తనను చేర్చుకోవడానికి వెనకాడారని దుర్గాబాయి దేశ్‌ముఖ్ తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఇదే కారణంతో చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఇంకా ఎవరైనా ఉంటే తనకు తెలియజేయమని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చారు. స్పందించిన కొద్దిమందితో కలిసి వసతి ఏర్పాటు చేసుకుని, ఆ తర్వాతే విశ్వవిద్యాలయంలో చేరారు. సుమారు ఇరవై ఏళ్ళ తర్వాత, 1958లో, కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి ఆమే అధ్యక్షురాలయ్యారు. నేడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని స్త్రీ అధ్యయన కేంద్రానికి ఆమె పేరే ఉంది.

మీరు చదివిన, లేదా పనిచేస్తున్న విశ్వవిద్యాలయంలో విద్యార్థినులకు అందిన సేవల చరిత్రను రాయాలనుకుంటే ఈ సంఘటనను ముందుంచుకుని పని మొదలుపెట్టమని నా సలహా. కార్యాలయపు కాగితాల్లో హాస్టల్ చరిత్ర మంజూరు ఉత్తర్వుతోనో, శిలాఫలకంతోనో మొదలవుతుంది. నిజానికి అది హాస్టల్ లేక వెనుదిరిగిన అమ్మాయితో మొదలవుతుంది. ఈ రెండింటి మధ్య గడిచిన కాలమే మీరు రాయవలసిన అసలు విషయం. ఈ వ్యాసం ఆ కాలాన్ని ఎక్కడ వెతకాలో, ఎవరిని అడగాలో, ఏది రాయవచ్చో, ఏది రాయకూడదో చెప్పే ప్రయత్నం.

హద్దులు గీసుకోవడం

సహాయ సేవలు అనగానే అందరికీ హాస్టల్ గుర్తుకొస్తుంది. కానీ జాబితా దానికంటే పొడవైనది: విద్యార్థినుల విశ్రాంతి గది, మరుగుదొడ్లు, ఆరోగ్య కేంద్రంలో మహిళా వైద్యురాలు, రాత్రివేళ గ్రంథాలయం నుంచి హాస్టల్ దాకా నడిచే బస్సు, వీధి దీపాలు, ఉపకార వేతనాలు, స్త్రీ అధ్యయన కేంద్రం, ఫిర్యాదుల కమిటీ, మానసిక సలహా కేంద్రం, పిల్లల తల్లులైన పరిశోధక విద్యార్థినుల కోసం శిశు సంరక్షణ కేంద్రం. ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ పూర్తికాదు. మొదట ఒక్క సేవను తీసుకోండి. హాస్టల్‌తో మొదలుపెట్టడం సులువు, ఎందుకంటే దానికి భవనం ఉంటుంది, ఖాతా పుస్తకాలు ఉంటాయి, జ్ఞాపకం ఉన్న మనుషులు ఉంటారు. ప్రధాన ప్రాంగణానికే పరిమితమవుతారా, అనుబంధ కళాశాలలను కూడా కలుపుతారా అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోవాలి. అనుబంధ కళాశాలల సంగతి కలిపితే పని కొన్ని సంవత్సరాలకు విస్తరిస్తుంది.

విశ్వవిద్యాలయపు స్వభావాన్ని బట్టి ప్రశ్న కూడా మారుతుంది. 1983లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వంటి చోట విద్యార్థినులకు ‘ప్రత్యేక’ సేవ అన్న మాటకే వేరే అర్థం ఉంటుంది. అక్కడ అన్ని సేవలూ వారివే. సహవిద్య ఉన్న చోట మాత్రం, మగపిల్లలను దృష్టిలో పెట్టుకుని కట్టిన ప్రాంగణంలో ఆడపిల్లలకు చోటు ఎలా దొరికిందన్నదే ప్రశ్న. ఈ సంగతిని 1948లో నియమితమైన విశ్వవిద్యాలయ విద్యా సంఘమే గుర్తించింది. మగవారి కోసం రూపొందించిన కళాశాలల్లో ఆడపిల్లలు ఎక్కువ సంఖ్యలో చేరుతున్నప్పుడు వారికి మామూలు జీవితానికి, మర్యాదకు అవసరమైన సౌకర్యాలు కల్పించాలని ఆ సంఘం సిఫారసు చేసింది. దానికి అధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ అంతకు ముందు, 1931 నుంచి 1936 వరకు, ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి. మీ విశ్వవిద్యాలయం ఆ సిఫారసును ఎప్పుడు, ఎంతవరకు అమలు చేసిందన్నది మంచి ప్రారంభ ప్రశ్న.

నాలుగు తేదీల పట్టిక

ప్రతి సేవకూ నాలుగు తేదీలు వెతకండి: మొదటిసారి అడిగిన తేదీ, మంజూరైన తేదీ, నిజంగా వాడుకలోకి వచ్చిన తేదీ, ఆగిపోయినట్లయితే ఆగిన తేదీ. ఒక పొడవాటి నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసి, ఏ తేదీకి ఏ ఆధారం దొరికిందో పక్కనే రాయండి. ఖాళీగా మిగిలిన గడిని ఊహతో నింపకండి. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే. శిశు సంరక్షణ కేంద్రాల విషయంలో నాలుగో గడి తరచుగా ముఖ్యమవుతుంది, ఎందుకంటే ప్రణాళికా నిధులతో మొదలైనవి నిధుల కాలం ముగియగానే మూతపడే ప్రమాదం ఉంటుంది. మూసివేతకు ప్రారంభోత్సవం లాంటి సభ జరగదు కనుక ఎవరూ దాన్ని నమోదు చేయరు.

కాగితాల్లో వెతకడం

మొదట విశ్వవిద్యాలయ చట్టం, వార్షిక నివేదికలు, పాలకమండలి లేదా సిండికేట్ సమావేశాల తీర్మానాలు చూడండి. తీర్మానాలు పొడిగా ఉంటాయి గాని, ఒక ప్రతిపాదన ఎన్నిసార్లు వాయిదా పడిందో అవే చెబుతాయి. ‘తదుపరి సమావేశంలో పరిశీలించాలని నిర్ణయించడమైనది’ అన్న వాక్యం ఒకే అంశం కింద రెండు మూడు సార్లు కనిపిస్తే ఆ తేదీలన్నీ రాసుకోండి. తర్వాత బడ్జెట్ పుస్తకాలు చూడాలి. తీర్మానం ఉండి, ఆ ఏడాది బడ్జెట్లో పద్దు లేకపోతే ఆ సేవ కాగితం దాటలేదని అనుమానించాలి. భవనాల నక్షాలు ఇంజనీరింగ్ విభాగంలో ఉంటాయి. వాటిలో ఏ భవనంలో, ఏ అంతస్తులో స్త్రీల మరుగుదొడ్డి ఉందో, అది మొదటి నక్షాలోనే ఉందా, తర్వాత ఏదో గదిని మార్చి పెట్టారా అన్నది కళ్ళకు కట్టినట్లు తెలుస్తుంది. ఈ ఒక్క వివరం నుంచే, ఆ విభాగంలోకి ఆడపిల్లలు వస్తారని కట్టినవారు ఊహించారో లేదో చెప్పవచ్చు.

హైదరాబాదు ప్రాంతపు పాత కాగితాలతో ఒక ప్రత్యేక సమస్య ఉంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ కావడంతో, 1948కి ముందరి రికార్డుల్లో ఎక్కువ భాగం ఆ లిపిలోనే ఉంటుంది. తేదీలు ఫసలీ సంవత్సరాల్లో, అంటే నిజాం ప్రభుత్వం వాడిన రెవెన్యూ సంవత్సరాల్లో, కనిపిస్తాయి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది, కానీ హైదరాబాదు ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది కనుక ఒక ఏడాది అటూ ఇటూ అవుతుంది. అటువంటప్పుడు, ఉదాహరణకు, 1923-24 అని రెండు సంవత్సరాలూ రాయడమే నిజాయితీ. ఉర్దూ చదవగలిగిన వారి సాయం తీసుకోకుండా ఆ కాలాన్ని దాటవేసి, ‘తొలి రోజుల వివరాలు లభ్యం కావు’ అని రాయడం మాత్రం సరికాదు. కోఠీలోని మహిళా కళాశాలనే చూడండి. అది 1924లో మొదలైంది, 1949లో పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలోకి మారింది, 2022లో మహిళా విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఆ భవనపు స్తంభాల గురించి, దాన్ని కట్టించిన రెసిడెంటు గురించి తేలికగా చదవవచ్చు. అక్కడికి నగరం నలుమూలల నుంచి అమ్మాయిలు ఎలా వచ్చేవారో, మధ్యాహ్నం ఎక్కడ కూర్చుని తినేవారో తెలుసుకోవాలంటే మాత్రం కళాశాల వార్షిక సంచికలు, ఆనాటి విద్యార్థినుల ఇళ్ళలోని ఫొటోలు వెతకాలి.

పాత పత్రికలు మరో పెద్ద ఆధారం. ఆంధ్రపత్రిక, గోలకొండ పత్రిక, ఆంధ్రప్రభ, స్త్రీల కోసం 1928లో మొదలైన గృహలక్ష్మి వంటి వాటి పాత ప్రతులు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల వెతకవచ్చు. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన సంచికలు కూడా ఉన్నాయి. వెతికేటప్పుడు నేటి మాటలతో వెతకవద్దు. ‘లైంగిక వేధింపు’ అన్న మాట కోసం 1970ల పత్రికలు తిరగేస్తే ఏమీ దొరకదు. అప్పుడు ‘ఈవ్ టీజింగ్’, ‘అల్లరి’, ‘ఆకతాయిలు’ అని రాసేవారు. ‘బాలికల వసతి గృహం’, ‘లేడీస్ హాస్టల్’, ‘స్త్రీ విద్యార్థుల భోజనశాల’ అని ఒకే చోటుకు మూడు పేర్లు ఉండవచ్చు. ఈ పేర్ల జాబితాను మొదట తయారుచేసుకుంటే వారాల శ్రమ తగ్గుతుంది. పైగా, వేధింపును అల్లరి అన్నంత కాలం దానికి ఒక కమిటీ అవసరమని ఎవరికీ తోచకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ మాట మారిన సంవత్సరాన్ని పట్టుకోగలిగితే అదే మీ వ్యాసంలో ఒక అధ్యాయం అవుతుంది.

సమాచార హక్కును వాడుకోవడం

అడిగితే చూపించని కాగితాల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. రుసుము 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే, లేదా వచ్చిన జవాబు అసంపూర్తిగా ఉంటే, అదే సంస్థలోని పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర కమిషన్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు కేంద్ర కమిషన్ వర్తిస్తాయి.

‘ఎందుకు కట్టలేదు’ అని అడిగితే జవాబు రాదు. రికార్డులో ఉన్న సమాచారమే ఇవ్వవలసిన బాధ్యత వారిది. ‘1990-91 నుంచి ప్రతి విద్యా సంవత్సరానికి విద్యార్థినుల హాస్టళ్ళలో మంజూరైన సీట్ల సంఖ్య, దరఖాస్తుల సంఖ్య, చేర్చుకున్న వారి సంఖ్య, సంబంధిత తీర్మానాల నకళ్ళు ఇవ్వగలరు’ అని అడగండి. ఇరవై ఏళ్ళు దాటిన విషయాలకు చట్టంలోని మినహాయింపుల్లో చాలావరకు వర్తించవన్న సంగతి చాలామందికి తెలియదు. చరిత్ర రాసేవారికి అది ఎంతో ఉపయోగపడే నిబంధన.

దీనికి విద్యార్థినుల మొత్తం సంఖ్యను జోడించాలి. 2010-11 నుంచి ఉన్నత విద్యపై అఖిల భారత సర్వే కోసం ప్రతి విశ్వవిద్యాలయం ఏటా ఒక ఫారం నింపి పంపుతోంది. ఆ నకలు అడిగి తీసుకోండి. హాస్టల్ సీట్లు రెట్టింపయ్యాయని వార్షిక నివేదిక గర్వంగా చెప్పవచ్చు. అదే కాలంలో విద్యార్థినుల సంఖ్య మూడింతలైతే వసతి దొరికే అవకాశం తగ్గిందన్నమాట. ఉన్నత విద్యా సంస్థల నాణ్యతను మదింపు చేసి గుర్తింపు ఇచ్చే న్యాక్ కోసం సమర్పించిన స్వీయ అధ్యయన నివేదికలు కూడా చూడండి. వాటిలో ఏడో ప్రమాణం కింద స్త్రీ పురుష సమానత్వానికి సంబంధించి భద్రత, సలహా కేంద్రం, విశ్రాంతి గది, శిశు సంరక్షణ గురించి విశ్వవిద్యాలయం తానే రాసుకున్నది ఉంటుంది. తాను రాసుకున్నది గనుకనే దాన్ని సాక్ష్యంగా కాక, సరిచూడవలసిన ప్రకటనగా తీసుకోవాలి.

మనుషులతో మాట్లాడటం

నా దృష్టిలో ఇది ఈ పనిలో అత్యంత విలువైన భాగం. హైదరాబాదులో స్త్రీ శక్తి సంఘటన సభ్యులు 1980లలో ఊరూరా తిరిగి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను రికార్డు చేసినప్పుడు, అప్పటిదాకా చరిత్ర పుస్తకాల్లో లేని సంగతులు బయటికి వచ్చాయి. ఆ పద్ధతి మనకు దగ్గరి ఆదర్శం.

పూర్వ విద్యార్థినులు, వార్డెన్లు సరే. వారికంటే ముందు మేట్రన్‌ను, వంటమనిషిని, కాపలా అమ్మను, ఆరోగ్య కేంద్రంలోని ఆయాను కలవండి. వార్డెన్లు మూడేళ్ళకో నాలుగేళ్ళకో మారతారు. వంటమనిషి పాతికేళ్ళు అక్కడే ఉంటుంది. ఒక విశ్వవిద్యాలయంలో ఈ పని చేసినప్పుడు నాకు హాస్టల్‌లో నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కట్టారో ఏ ఫైలులోనూ దొరకలేదు. మెస్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ, తన రెండో కూతురు పుట్టిన ఏడాది దాకా అమ్మాయిలు బకెట్లతో కింది నుంచి నీళ్ళు మోసుకునేవారని చెప్పింది. ఆ కూతురి బడి సర్టిఫికెట్‌తో సంవత్సరం తేలింది. పల్లెల నుంచి వచ్చిన పెద్దలు ఏళ్ళను అంకెలతో గుర్తుంచుకోరు. పెళ్ళిళ్ళతో, తుఫానులతో, ఎన్నికలతో గుర్తుంచుకుంటారు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనకు ముందా తరువాతా అని అడిగితే కోస్తాలో చాలామంది తడుముకోకుండా చెబుతారు.

అడిగే తీరులో జాగ్రత్త అవసరం. ‘మీ కాలంలో సౌకర్యాలు ఎలా ఉండేవి’ అంటే ‘బాగానే ఉండేవమ్మా’ అన్న జవాబే వస్తుంది. ఒక రోజును చెప్పమనండి: పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి గేటు వేసేదాకా. గేటు ఎన్నింటికి వేసేవారు, ఆలస్యమైతే ఏం జరిగేది, బయటికి వెళ్ళాలంటే ఎవరి సంతకం కావాలి, నెలసరి రోజుల్లో ఏం చేసేవారు, జ్వరం వస్తే ఎవరు తోడు వెళ్ళేవారు, మెస్ బిల్లు కట్టలేని నెల ఎలా గడిచేది. గదిలో లెక్క ప్రకారం ఎంతమంది, నిజంగా ఎంతమంది అని తప్పకుండా అడగండి. సీటు రాని స్నేహితురాలిని గదిలో ఉంచుకోవడం, అంటే నాన్ బోర్డర్‌గా ఉండటం, మన ప్రాంగణాల్లో పాత అలవాటు. ఏ రిజిస్టరులోనూ ఉండని ఆ అమ్మాయిలే హాస్టల్ కొరతకు అసలైన సాక్షులు. విశ్వవిద్యాలయం ఇవ్వని సేవను విద్యార్థినులే ఒకరికొకరు ఇచ్చుకున్న సందర్భం అది, దుర్గాబాయి చేసినట్లే.

ఎవరితో మాట్లాడుతున్నారన్నది కూడా చూసుకోండి. సభలకు వచ్చే పూర్వ విద్యార్థినులు చాలామంది స్థిరపడినవారు, చదువుకున్న కుటుంబాల నుంచి వచ్చినవారు అయి ఉండవచ్చు. సాంఘిక సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకున్న దళిత, గిరిజన విద్యార్థినులు, ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చినవారు, దృష్టి లోపం ఉన్నవారు, మధ్యలో చదువు మానేసినవారు మీ జాబితాలో లేకపోతే అది సగం చరిత్రే అవుతుంది. ఒకే మెస్‌లో అందరూ ఒకే బల్ల దగ్గర తిన్నారా అన్న ప్రశ్నకు కులాన్ని బట్టి జవాబు మారుతుంది. రెండు జవాబులనూ రాయండి.

రికార్డు చేసే ముందు అనుమతి పత్రం తెలుగులో, పెద్ద అక్షరాలతో తయారుచేసి, చదివి వినిపించి సంతకం తీసుకోండి. పేరు వాడవచ్చా, మార్చాలా, ఏ భాగం ఎప్పటిదాకా బయటపెట్టకూడదు అన్న మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాయించాలి. రాతప్రతి సిద్ధమయ్యాక వారి మాటలు వారికి మళ్ళీ వినిపించాలి. అప్పుడు ఎవరైనా ఏదైనా తీసేయమంటే, ఎంత విలువైనదైనా సరే, తీసేయాలి.

ఫిర్యాదుల కమిటీ చరిత్ర

ఈ భాగానికి చట్టపు కాలక్రమం ముందు తెలిసి ఉండాలి. రాజస్థాన్‌లో భన్వరీ దేవిపై 1992లో జరిగిన అత్యాచారం తర్వాత స్త్రీ సంఘాలు వేసిన కేసులో, సుప్రీం కోర్టు 1997 ఆగస్టు 13న పని ప్రదేశాల్లో లైంగిక వేధింపులను అరికట్టే విశాఖ మార్గదర్శకాలను ప్రకటించింది. ఆ పేరు పిటిషన్ వేసిన సంస్థది; మన విశాఖపట్నానికి దానితో సంబంధం లేదు. ఆ మార్గదర్శకాల ఆధారంగా ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో 1999లో, ఎన్నికైన విద్యార్థి ప్రతినిధులతో కూడిన కమిటీ ఏర్పడింది. 2017లో దాన్ని రద్దు చేసి అంతర్గత ఫిర్యాదుల కమిటీని పెట్టారు. 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నియమించిన కార్యదళం ప్రాంగణాల్లో భద్రతపై 2013లో సక్షమ్ నివేదిక ఇచ్చింది. అదే ఏడాది పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని విద్యార్థినులకు వర్తింపజేస్తూ 2015 పేరుతో ఉన్న యూజీసీ నిబంధనలు 2016 మేలో గెజెట్‌లో వెలువడ్డాయి.

మీ విశ్వవిద్యాలయంలో 1997 నుంచి 2016 దాకా ఏముండేదన్నది మొదటి ప్రశ్న. కమిటీ ఉత్తర్వులు సేకరించి, సభ్యుల జాబితాను నిబంధనలతో పోల్చండి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి; సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు ఉండాలి; బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి; విద్యార్థులకు సంబంధించిన విషయాల్లో ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు ఉండాలి; ఉపకులపతి, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి అధికార పదవుల్లో ఉన్నవారు సభ్యులు కాకూడదు. విద్యార్థి ప్రతినిధులు ఎన్నికయ్యారా, నామినేట్ అయ్యారా అన్నది ప్రత్యేకంగా కనుక్కోండి. అదే నిబంధనల్లో మరో ముఖ్యమైన మాట ఉంది: భద్రత పేరు చెప్పి విద్యార్థినుల హాస్టళ్ళలో మగపిల్లలకు లేని వివక్షాపూరిత నియమాలు పెట్టకూడదు. కనుక గేటు వేసే వేళ 2016కు ముందు ఎంత, తర్వాత ఎంత, అబ్బాయిల హాస్టల్‌లో ఎంత అన్నది పట్టికగా వేయాలి.

వేధింపు ఫిర్యాదుల వివరాలు మాత్రం రాయకూడదు. ఫిర్యాదులోని విషయాన్ని, ఫిర్యాదు చేసిన స్త్రీ, ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తి, సాక్షుల గుర్తింపును ప్రచురించడాన్ని చట్టంలోని 16వ విభాగం నిషేధించింది. పేరు తీసేసినా, సంవత్సరం, విభాగం, హాస్టల్ పేరు కలిపితే చిన్న ప్రాంగణంలో మనిషిని గుర్తుపట్టవచ్చు. వార్షిక నివేదికలో చెప్పవలసిన కేసుల సంఖ్య, పరిష్కారమైన వాటి సంఖ్య వరకే మీరు వాడుకోండి. ఏళ్ళ తరబడి సంఖ్య సున్నా అని ఉంటే దాన్ని విజయంగా రాయకండి. ఆ ఏళ్ళలో కమిటీ ఉందని విద్యార్థినులకు తెలుసా, గోడ మీద పేర్లూ ఫోన్ నంబర్లూ రాశారా అని నాటి విద్యార్థినులను అడగండి.

పరిశోధక విద్యార్థినుల సంగతి

పెళ్ళయి, పిల్లలతో పరిశోధన చేసేవారిని ఇటువంటి చరిత్రలు మరచిపోతుంటాయి. 2016 నాటి యూజీసీ నిబంధనలు పీహెచ్‌డీ చేసే స్త్రీలకు గడువు పైన రెండేళ్ళు అదనంగా, మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇచ్చాయి. దానికి ముందు గర్భిణులైన పరిశోధకులు ఏం చేశారో, ఎంతమంది రిజిస్ట్రేషన్ రద్దయిందో మీ విశ్వవిద్యాలయపు పరిశోధనా విభాగంలో వెతకండి. ఆ సెలవులో ఫెలోషిప్ ఆగిందా లేదా అన్నది కూడా అడగాలి.

రాయడం, దాచడం

రాసేటప్పుడు ఒక్కో సేవను అడిగినవారితో మొదలుపెట్టి, మంజూరు చేసినవారిని తర్వాత చెప్పండి. ఉపకులపతుల పదవీకాలాల ప్రకారం అధ్యాయాలు విభజించవద్దు. అలా చేస్తే ప్రతి మేలూ ఒక అధికారి దయగా కనిపిస్తుంది. జ్ఞాపకానికీ కాగితానికీ తేడా వస్తే రెండూ ఇచ్చి, మీరు దేన్ని ఎందుకు నమ్ముతున్నారో చెప్పండి. దుర్గాబాయి ఉదంతాన్ని కూడా ఆ ఏటి తీర్మానాలతో, ప్రవేశ రిజిస్టర్లతో సరిచూడటం ఆమెకు అగౌరవం కాదు.

రికార్డింగులను, అనుమతి పత్రాలను, నాలుగు తేదీల పట్టికను ఒకే చోట ఉంచవద్దు. ఒక ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, ఒకటి స్త్రీ అధ్యయన కేంద్రానికి, ఒకటి ప్రాంగణం బయట మీరు నమ్మే గ్రంథాలయానికి ఇవ్వండి. బయటపెట్టకూడదన్న భాగాలను సీలు చేసి, ఏ సంవత్సరం దాకా తెరవకూడదో కవరు మీద రాయండి. అచ్చయిన పుస్తకాన్ని మాట్లాడిన వారందరికీ స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వండి. చదవలేని వారికి వారి పేజీలు చదివి వినిపించండి. పట్టికలోని ఖాళీ గడులను మాత్రం హాస్టల్ నోటీసు బోర్డులో పెట్టండి, నింపగలిగిన వారు ఎవరైనా ఆ దారిన వెళ్ళవచ్చు.